నెవానది యొడ్డున ఆయిలరు

శీతలదేశమునకు ఉద్యోగార్థియై పోవు పిల్లవానికి ఇంటివారు కట్టి యిచ్చు మూట యొకటి యుండును. అందులో ఊరగాయ జాడీ, కందిపొడి, ఒక కంబళి తప్పక యుండును. మన పాఠశాలలో చదివి ఉత్తరాది పట్టణములకు పనులకై పోయిన పూర్వవిద్యార్థులు సెలవులకు వచ్చినపుడు మాతో మొట్టమొదట ముచ్చటించునది జీతమును గూర్చి కాదు, చలిని గూర్చి. ఉదయము ముఖము కడుగుకొనుట యెంత సాహసమో, నోరు తెఱచినచో మాటతో పాటు పొగ యెట్లు వెడలునో వారు చెప్పుచుండగా చిన్న తరగతుల పిల్లలు ఆశ్చర్యముతో వినుచుందురు.

ఆ మాటలు వినినపు డెల్ల మాకు లియొనార్డ్ ఆయిలరు స్మృతికి వచ్చుచుండును. గణితము మా విషయము కాదు. ఆయన సాధించిన లెక్కలలో మాకు తెలిసినది స్వల్పము. తెలియని చోట గణితోపాధ్యాయుల నడిగి తెలిసికొంటిమి. కాని ఆయన జీవితములో లెక్కలు రాని వారిని సయితము ఆకర్షించు విషయ మొకటి కలదు. ఇరువదవ యేట స్వస్థలమును వీడి, మంచుగడ్డల నడుమ నున్న యొక క్రొత్త పట్టణమునకు పోయి, అచట కాపుర మేర్పఱచుకొని, ఒక కన్నును పోగొట్టుకొని, పదునాలుగేండ్లకు దానిని విడిచి వెళ్లి, మరల ఏబదితొమ్మిదవ యేట కోరి ఆ పట్టణమునే చేరి, అచటనే తనువు చాలించిన మనుష్యుడు ఆయన. ఆ కథనే మేము చెప్పదలచితిమి.

ఆయిలరు 1707వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన స్విట్జర్లాండు దేశమునందలి బాసెల్ నగరములో జన్మించెను. తండ్రి పాల్ ఆయిలరు క్రైస్తవ మతగురువు. తల్లి మార్గరెట్ బ్రూకరు. బాసెల్‌కు సమీపమున నున్న రీహెన్ అను పల్లెలో బాల్యము గడచెను. తండ్రికి తన కుమారుడు తనవలెనే మతగురువు కావలెనని కోరిక. అయినను ఆయనయు యౌవనమున జాకబ్ బెర్నూలీ యను గణితాచార్యుని ఉపన్యాసములు వినినవాడు. అందుచే బాలునకు మొదటి లెక్కలు ఇంటిలోనే అబ్బెను. పదుమూడవ యేట ఆయిలరు బాసెల్ విశ్వవిద్యాలయమున చేరెను. జాకబ్ సోదరుడైన యోహాన్ బెర్నూలీ అచట ఆచార్యుడు. ఆయనకు ప్రత్యేకముగా పాఠము చెప్పుటకు తీరిక లేదు. కావున బాలుడు తానే గ్రంథములు చదువుకొని, తెలియని భాగములను గుఱుతు పెట్టుకొని, ప్రతి శనివారము మధ్యాహ్నము ఆచార్యుని ఇంటికి పోయి సందేహములు తీర్చుకొనునట్లు ఏర్పాటు జరిగెను. ఒక సందేహము తీరినచో దానితో పాటు పది సందేహములు తీరునట్లు తన్ను తాను సిద్ధపఱచుకొని పోవుట ఆయనకు ఆనాడే అలవడెను. మతగురువు కావలసిన పిల్లవాడు గణితమున నిలుచుటకు యోహాన్ బెర్నూలీ తండ్రిని ఒప్పించుటయే కారణము.

చదువు ముగిసినది, ఉద్యోగ మెక్కడ? బాసెల్ చిన్న నగరము. విశ్వవిద్యాలయములో ఆచార్యపీఠములు కొలది. 1727లో భౌతికశాస్త్రపీఠ మొకటి ఖాళీ యగుటచే ఆయిలరు ధ్వనిని గూర్చి వ్యాసము వ్రాసి దరఖాస్తు పెట్టెను. ఆ పదవి దక్కలేదు. అప్పటి కాయన వయస్సు ఇంకను ఇరువది నిండలేదు. అదే సమయమున పారిస్ విద్వత్పరిషత్తు ఓడలకు కొయ్యస్తంభములను నిలుపవలసిన రీతిని గూర్చి పోటీ పెట్టగా, ఆయిలరు దానికిని వ్యాసము పంపెను. మొదటి బహుమతి బూగే అను ఫ్రెంచి పండితునకు పోయెను. ఆయిలరునకు గౌరవస్థానము లభించెను. చుట్టును కొండలేగాని సముద్రము లేని దేశమున పుట్టి, సముద్రపు టోడను కంట జూడకయే ఓడస్తంభములను గూర్చి వ్రాసిన ఆ సాహసమును తలచినపుడు మాకు నవ్వును వచ్చును, గౌరవమును కలుగును.

ఇక్కడ తలుపు మూయగా ఉత్తరమున ఒక తలుపు తెఱచియుండెను. రష్యా చక్రవర్తి మహా పీటరు 1703లో నెవానది సముద్రములో కలియు చోట, బురదనేలపై, క్రొత్త రాజధానిని కట్టించ మొదలిడెను. అదియే సెంట్ పీటర్స్‌బర్గు. పశ్చిమదేశపు విద్యలను తన దేశమున నాటవలెనని అచట 1724లో అకాడమీ యను విద్వత్పరిషత్తును స్థాపించుటకు ఆజ్ఞాపించి, అది ప్రారంభము కాకమునుపే ఆయన గతించెను. ఆయన భార్య కేథరిన్ చక్రవర్తిని ఆ పనిని సాగించెను. రష్యాలో పండితులు లేరు గనుక పరదేశములనుండి పిలిపించిరి. అట్లు 1725లో పోయినవారు యోహాన్ బెర్నూలీ కుమారులు నికొలస్, డేనియల్ అనువారు. వీరిద్దఱును ఆయిలరునకు ప్రియమిత్రులు. సంవత్సరము తిరుగకుండగనే, 1726 వేసవిలో, నికొలస్ అచట జబ్బుపడి మరణించెను. తమ్ముడు డేనియల్ ఒంటరి యయ్యెను. అతడు పరిషత్తువారితో చెప్పి, శరీరధర్మశాస్త్ర విభాగమున ఒక స్థానమునకు ఆయిలరును పిలిపించెను.

శరీరధర్మశాస్త్రము! గణితము చదివినవానికి వైద్యవిద్యతో నేమి పని? కాని పిలిచిన పని అది. ఆయిలరు అంగీకారపత్రము పంపి, వసంతము వచ్చువఱకు బయలుదేరజాలనని తెలిపెను. ఆ చలికాల మంతయు బాసెల్‌లో వైద్యగ్రంథములు చదివెను. బాసెల్‌లోని పీఠము తనకే రాకపోవునా అను ఆశయు లోపల నుండెను. అది నిరాశ యైన పిమ్మట 1727 ఏప్రిల్ 5వ తేదీన పయనమయ్యెను.

ఇక మూటమాట. డేనియల్ బెర్నూలీ తన మిత్రునకు వ్రాసిన జాబులో స్విట్జర్లాండునుండి తేయాకు, కాఫీ, బ్రాందీ, మరికొన్ని రుచికర పదార్థములును తెమ్మని కోరెను. విద్వత్పరిషత్తున ఆచార్యపదవి, రాజాదరణ, ఘనమైన జీతము అన్నియు నున్నను, ఆ యువకునకు తన నాలుక యెఱిగిన రుచి కావలసివచ్చెను. మనవారు వేసవి రైలులో వచ్చు బంధువుతో చింతపండును, అప్పడములను తెప్పించుకొనుట వంటిదే ఇది.

ఆయిలరు పడవపై రైన్ నదివెంట దిగువకు పోయి, అచటినుండి జర్మనుల దేశములను తపాలాబండ్లలో దాటి, ల్యూబెక్ రేవున ఓడ నెక్కెను. దారిలోనే ఇరువదవ పుట్టినదినము గడచెను. ఓడస్తంభములను గూర్చి వ్రాసినవాడు ఓడను చూచినది, ఎక్కినది ఇప్పుడే. మే నెలలో ఆయన పీటర్స్‌బర్గు చేరెను. తేదీని గూర్చి గ్రంథములలో భేదములు కనిపించుటకు ఒక కారణము గలదు. ఆనాడు రష్యాలో పాత పంచాంగమే వాడుకలో నుండెను. అది పశ్చిమదేశముల పంచాంగమునకు 11 దినములు వెనుకబడి నడచుచుండెను. అనగా అచట అడుగు పెట్టినవానికి దేశము, భాష, గాలియే కాక దినము సయితము మాఱిపోవును.

బాసెల్ భూమధ్యరేఖకు సుమారు 47½ అక్షాంశముల ఉత్తరమున నున్నది. పీటర్స్‌బర్గు దాదాపు 60వ అక్షాంశమున నున్నది. విద్యార్థులు పటమును దగ్గఱ పెట్టుకొని చూడవలెను; మన తెలుగువారు నివసించు ప్రదేశము లించుమించుగా 12 మొదలు 20 అక్షాంశముల లోపలనే యున్నవి. అంత ఉత్తరమున పుష్యమాసపు పగలు ఆఱు గంటలైన నుండదు. పాఠశాల గంట కొట్టువేళకును చీకటియే, ఇంటికి పోవువేళకును చీకటియే. జ్యేష్ఠమాసమున అందుకు విరుద్ధముగా రాత్రి యనునదే సరిగా రాదు. అర్ధరాత్రమునను సంజవెలుగు నిలిచియుండును. నెవానది మార్గశిరమునకు గడ్డకట్టి చైత్రము వఱకు అట్లే యుండుట ఆ దినములలో వాడుక. మంచుగడ్డకు హద్దైన సున్నకు 20 డిగ్రీలు దిగువకు పోవు చలిదినములును కలవు. ఇండ్లలో పెంకులు పొదిగిన పెద్ద పొయ్యిలు గోడవలె నిలిచి, ఒకసారి కట్టెలు కాల్చినచో గంటలకొలది వేడి నిచ్చుచుండెను. స్విట్జర్లాండువా డనగా చలికి పుట్టినవాడే గదా యని అనుకొనరాదు. కొండగాలి పొడిచలి వేఱు. బురదనేలపై సముద్రపు తేమతో కలిసి ఎముకలలో దిగు చలి వేఱు. ఆ తేమయే జ్వరములకును పుట్టినిల్లు.

ఆయిలరు చేరిన దినములలోనే కేథరిన్ చక్రవర్తిని మరణించెను. పరిషత్తునకు దిక్కు లేకపోయెను. పదునొకండేండ్ల బాలుడు రెండవ పీటరు సింహాసన మెక్కగా, కొలువంతయు 1728లో మాస్కోకు తరలిపోయెను. పరదేశపండితులకు జీతము లిచ్చుట వ్యర్థమని తలచువారికి బలము హెచ్చెను. ఈ చిక్కులలో ఆయిలరు రష్యను నౌకాదళమున వైద్యోద్యోగిగా కొంతకాలము పనిచేసి బ్రదుకు గడపవలసివచ్చెను. చలికాలమందు బాసెల్‌లో కూర్చుండి చదివిన వైద్యగ్రంథములు అట్లైనను అక్కఱకు వచ్చినవి. పరిషత్తున మాత్రము బెర్నూలీయు, బాసెల్‌వాడే యైన హెర్మన్ అను ఆచార్యుడును ప్రయత్నించి ఆయనను గణిత విభాగముననే చేర్పించిరి. 1730లో ఆయన భౌతికశాస్త్రాచార్యు డయ్యెను.

ఒకే ఊరినుండి, ఒకే గురువు చెంతనుండి వచ్చి, కొంతకాలము ఒకే ఇంట నివసించిన ఈ ఇరువురు మిత్రులను పక్కపక్కన నిలిపి చూడుడు. డేనియల్ బెర్నూలీకి ఆ ఊరు పడలేదు. అన్న మరణించిన చోటు. చలి, అనారోగ్యము, అధికారులతో తగవులు. ఏటేట బాసెల్‌కు దరఖాస్తులు పంపి, పంపి, 1733లో స్వదేశమునకు మరలెను. ఆయనను తప్పు పట్టుట మాకు సమ్మతము కాదు. పడని గాలిలో ఎనిమిదేండ్లు ఉండి, ద్రవములను గూర్చిన తన మహాగ్రంథమునకు పునాది అచటనే వేసి, మరలినవాడు పిఱికివాడు కాడు. ఆయిలరు మాత్రము నిలిచిపోయెను. మిత్రుడు ఖాళీ చేసిన గణితపీఠము ఆయనకు దక్కెను.

నిలిచిన వాని రహస్య మేమి? మాకు తోచినంతలో, భాష యొకటి. పరిషత్తు సభలు లాటినులో జరుగుచుండెను. పండితుల ఇండ్లలో జర్మను మాటాడుచుండిరి. కావున పరదేశపండితులలో పెక్కురు ఏండ్లు గడచినను రష్యను భాష నేర్వలేదు. సేవకునితో సైగలతో గడపుచుండిరి. ఆయిలరు రష్యను నేర్చెను; మాటాడుటయే కాక వ్రాయుటయు నేర్చెను. ఇది చిన్న విషయము కాదు. మేము ఉపాధ్యాయ శిక్షణకై పొరుగు రాష్ట్రమునకు పోయినపుడు అచట భాష తెలుగే. అయినను మా పలుకుబడి విని తోడివారు నవ్విరి. ఒక నెల వఱకు తరగతిలో మేము నోరు మెదపలేదు. సొంత భాషలోనే ఇట్లుండగా, లిపియు వేఱైన పరభాషలో తప్పులతో మాటాడుటకు సాహసించిన ఆ యువాచార్యుని ధైర్యము మాకు గణితసిద్ధాంతములకంటె సులభముగా బోధపడును. పరిషత్తునకు చేరికగా నున్న పాఠశాల పిల్లలకై ఆయన జర్మను భాషలో అంకగణితము వ్రాసెను. దాని రెండు భాగములు 1738లోను, 1740లోను వెలువడెను. అందు మొదటి భాగమును వాసిలీ అదదూరొవ్ అను రష్యను పండితుడు తన మాతృభాషలోనికి మార్చెను.

రెండవ రహస్యము ఇల్లు. 1734 జనవరిలో ఆయన వివాహమాడెను. వధువు కేథరినా గ్జెల్. ఆమె తండ్రి గేయార్గ్ గ్జెల్, మహా పీటరు పిలుపున వచ్చి పరిషత్తున చిత్రలేఖనము నేర్పుచున్న స్విట్జర్లాండు చిత్రకారుడు. నెవానదిలోని వాసిలెవ్‌స్కీ ద్వీపమున, పరిషత్తునకు నడచిపోవు దూరములో వారు కాపుర ముండిరి. ఆ యేటి చివరనే పెద్ద కుమారుడు యోహాన్ ఆల్బ్రెక్ట్ పుట్టెను. ఆ దంపతులకు కాలక్రమమున పదుమువ్వురు సంతానము కలిగిరి. పెరిగి పెద్దవారైనవారు ఐదుగురే. పసికందులు కొందఱు ఆ చలినేలలోనే కలిసిపోయిరి. ఆ దుఃఖమును గూర్చి ఆయన గ్రంథములలో ఒక్క అక్షరమును లేదు. గ్రంథములు మాత్రము ఏటేట హెచ్చుచుండెను. ఒడిలో పసిబిడ్డను, భుజముపై పిల్లిని పెట్టుకొని లెక్కలు వ్రాయుచుండెడివాడని చూచినవారు తరువాతి కాలమున చెప్పిరి.

ద్వీపమున కాపుర మనగా నదిని దాటుట నిత్యకృత్యము. నెవాపై ఆనాడు స్థిరమైన వంతెన లేదు. వేసవిలో పడవలను వరుసగా గొలుసుకట్టి దానిపై నడచుచుండిరి. చలికాలమున నదియే రహదారి. బండ్లు మంచుపై పరుగిడును. గడ్డకట్టుటకు ముందును, గడ్డ పగులు దినములలోను ఇటు పడవయు పోదు, అటు కాలును నిలువదు. అట్టి ఊరిలో కూర్చుండి ఆయన 1735లో క్యోనిగ్స్‌బర్గు నగరపు ఏడు వంతెనల చిక్కును విప్పెను. ఏ వంతెనను రెండుమారులు త్రొక్కక అన్నిటిని దాటి రా వీలగునా అను ప్రశ్నకు వీలు కాదని నిరూపించెను. వంతెన లేని నదియొడ్డున నుండుటకును, ఆ లెక్కకును సంబంధ మున్నదని చెప్పుట మా సాహసమే యగును. అయినను ఆ తలంపు మమ్ము విడువదు.

1739-40 చలికాలము ఐరోపా యంతటను భయంకరమైనది. ఆ చలిని సయితము వినోదముగా మార్చుకొనదలచి అన్నా చక్రవర్తిని నెవా యొడ్డున మంచుగడ్డలతో ఒక భవనమును కట్టించెను. గోడలు, కిటికీలు, మంచము, తలగడ, తోటలోని చెట్లు అన్నియు మంచుగడ్డయే. రాళ్ల వంటి గడ్డలకు నీరు పోసినచో అదియే సున్నమై అతికెను. ఒక వృద్ధ రాజవంశీకుని అవమానించుటకై అతనికి బలవంతపు పెండ్లి చేయించి, ఆ దంపతులను ఒక రాత్రి ఆ మంచుమంచముపై నుంచిరి. ఆ భవనమును గూర్చి వివరముగా గ్రంథము వ్రాసినవాడు ఆయిలరు సహచరుడైన క్రాఫ్ట్ అను భౌతికశాస్త్రాచార్యుడు. ఊరి చలికంటె కొలువులోని చలి యెక్కువ యని దీనివలన తెలియును.

ఆయిలరు కంటిని గూర్చి ఒక కథ వాడుకలో నున్నది. పండితులందఱు కొన్ని నెలలు పట్టునని చెప్పిన ఒక ఖగోళగణనమును ఆయన మూడు దినములలో ముగించెననియు, ఆ శ్రమచే జ్వరము వచ్చి కుడికన్ను పోయెననియు చెప్పుదురు. వినుటకు బాగున్నను రెండు సంఘటనలు ఇందు ముడిపడినవి. 1735లో ప్రాణాంతకమైన జ్వరము వచ్చిన మాట నిజము. కన్ను పోయినది మూడేండ్ల పిమ్మట, 1738లో. ఆనాడు పరిషత్తు రష్యా దేశపు పటములను సిద్ధము చేయుచుండెను. ఆ పనిలో ఆయిలరునకును భాగముండెను. దీపము వెలుతురున సన్నని గీతలను పరిశీలించుటయే తన కంటికి చేటు తెచ్చెనని ఆయన నమ్మి, 1740లో ఆ పనినుండి తప్పింపుమని కోరెను. ఆ జ్వరపు విషమే లోపల నిలిచి కన్నును చెఱచెనని నేటి వైద్యుల తలంపు. ఆ పటముల సంపుటము 1745లో వెలువడెను.

జ్వరము వచ్చిన ఆ 1735వ సంవత్సరమే ఆయనకు కీర్తిని తెచ్చెను. ఒకటి, నాలుగవ వంతు, తొమ్మిదవ వంతు, పదునాఱవ వంతు అను వరుసను అంతులేకుండ కూడినచో మొత్త మెంత అను ప్రశ్నకు ఆయన గురువు కుటుంబమువారే సమాధానము కనుగొనజాలక పోయిరి. ఆయిలరు దానికి సమాధానము చెప్పెను: వృత్తమునకు సంబంధించిన పై అను సంఖ్య వర్గములో ఆఱవ వంతు. వృత్తమునకు సంబంధము లేని లెక్కలోనికి వృత్తము వచ్చి చేరుట అందఱిని ఆశ్చర్యపఱచెను. మీరు తరగతిలో వ్రాయు ఆ పై అను గ్రీకు అక్షరము లోకమంతటను వ్యాపించుటకు కారకుడు ఆయిలరే. దానిని మొదట వాడినవాడు మాత్రము జోన్స్ అను వేల్సు దేశీయుడు.

చలికి పొయ్యి కలదు. భయమునకు పొయ్యి లేదు. అన్నా చక్రవర్తిని కాలమున ఆమె ప్రియుడైన బిరోన్ ప్రభువు వేగులవారిచే ఊరంతయు నిండెను. అన్న మాట ఎవరు మోసికొనిపోవుదురో తెలియదు. 1740లో చక్రవర్తిని మరణించగా సింహాసనమునకై కలతలు పుట్టెను. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ తన బెర్లిను నగరమునకు రమ్మని పిలుచుచుండెను. ఆయిలరు 1741 జూనులో భార్యను, ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని పీటర్స్‌బర్గును విడిచెను. బెర్లినులో రాజమాత ఆయనను ఆదరముగా పలుకరించినను ఆయన ఒకటి రెండు ముక్కలకు మించి బదులు చెప్పలేదట. ఇంత బిడియ మేల యని ఆమె యడుగగా, నోరు విప్పినవానిని ఉరితీయు దేశమునుండి వచ్చితినని ఆయన విన్నవించుకొనెనట.

బెర్లినులో గడచినవి 25 ఏండ్లు. అచట వ్రాసిన మహాగ్రంథములను లెక్కించుట ఈ వ్యాసమునకు మించినపని. మాకు ముఖ్యముగా తోచునది వేఱు. ఆయన పీటర్స్‌బర్గుతో తెగతెంపులు చేసికొనలేదు. ఆ పరిషత్తునకు వ్యాసములు పంపుచునే యుండెను. వారును భృతి నిచ్చుచునే యుండిరి. కొటెల్నికొవ్, రుమొవ్‌స్కీ మొదలగు రష్యను విద్యార్థులను బెర్లినులో తన యింట నుంచుకొని, అన్నము పెట్టి చదువు చెప్పెను. ప్రష్యాకును రష్యాకును యుద్ధము జరుగుచున్నపుడు 1760లో రష్యను సైనికులు ఆయన పొలమును దోచుకొనిరి. పొలము ఎవరిదో తెలిసిన పిమ్మట వారి సేనాపతి నష్టమును తీర్చెను. ఎలిజబెత్ చక్రవర్తిని అదనముగా 4000 రూబుళ్లు పంపెను. శత్రుదేశమున నున్నను ఆ ఊరు ఆయనను తనవానిగానే తలచెను.

1750లో, తండ్రి గతించిన కొన్నేండ్లకు, వృద్ధురాలైన తల్లిని ఆయన ఫ్రాంక్‌ఫర్టు వఱకు ఎదురేగి బెర్లినునకు తోడ్కొనివచ్చి, ఆమె జీవితాంతము దగ్గఱ నుంచుకొనెను. బాసెల్‌కు మాత్రము 1727 తరువాత ఆయన మరల పోలేదు. ఒక్కసారియు పోలేదు. ఈ సంగతి చదివినపుడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి.

ఫ్రెడరిక్ రాజునకు చమత్కారముగా ఫ్రెంచి మాటాడు పండితులు కావలెను. ఒంటికన్ను ఆచార్యుడు, పూజాపరుడు, మితభాషి, పైగా పిల్లలతో కాలము గడపు సంసారి ఆయనకు రుచించలేదు. కంటిని గూర్చి ఎగతాళియు చేసెను. రష్యాలో రెండవ కేథరిన్ అధికారమునకు వచ్చి, కోరిన షరతులపై రమ్మని కబురంపెను. ఫ్రెడరిక్ సులభముగా విడువలేదు. కడగొట్టు కుమారుడు క్రిస్టొఫ్ ప్రష్యా సైన్యమున నుండగా అతనిని కొంతకాలము ఆపెను. 1766 వేసవిలో ఆయిలరు కుటుంబముతో బయలుదేరి, వార్సాలో పోలెండు రాజుచే ఆతిథ్యమంది, జూలైలో మరల నెవా యొడ్డున దిగెను. చక్రవర్తిని ఇంటి కొఱకు ధనమిచ్చి, తన వంటవారిలో ఒకనిని సయితము ఆ యింటి కొసగెనని చెప్పుదురు. తేయాకును కాఫీని మూటగట్టుకొని వచ్చిన ఇరువదేండ్ల పిల్లవానికి, ఈ ముదుసలికి ఎంత భేదము!

కాని ఆ ఊరు మరల తన సుంకమును వసూలు చేసికొనెను. వచ్చిన కొలదికాలమునకే జబ్బు చేసి, శుక్లముచే ఎడమకన్నును మసకబారెను. 1771లో శస్త్రవైద్యము చేయగా చూపు వచ్చెను. కొన్ని దినములకే కన్ను చెడి ఆ చూపును పోయెను. ఆ సంవత్సరమే మే నెలలో వాసిలెవ్‌స్కీ ద్వీపమున నిప్పంటుకొని వందలాది ఇండ్లు కాలిపోయెను. ఆయిలరు ఇల్లును అందు పోయెను. చూపులేని వృద్ధుడు మంటల నడుమ లోపల నుండిపోగా, పీటర్ గ్రిమ్ అను పనివాడు నిచ్చెన వేసి లోపలికి దూకి, ఆయనను భుజములపై నెత్తుకొని వెలుపలికి తెచ్చెను. ఆ గ్రిమ్ కూడ బాసెల్‌వాడే. ఆయన ఊరికి పోకున్నను ఊరు ఆయన యొద్దకు వచ్చిన దనవచ్చును. వ్రాతప్రతులను వ్లదీమిర్ ఓర్లొవ్ ప్రభువు కాపాడెను. ఇల్లు మరల కట్టుకొనుటకు చక్రవర్తిని సాయపడెను. రెండేండ్లకు, 1773లో, నలువది యేండ్ల తోడు కేథరినా కన్నుమూసెను. పిమ్మట ఆయన ఆమె సవతిచెల్లెలు సాలొమీని వివాహమాడెను.

చూపు పోయిన పిమ్మట ఆయన పని తగ్గలేదు, హెచ్చెను. ఆయన రచనలు సుమారు 860కి పైగా నుండగా వానిలో దాదాపు సగము ఈ రెండవ పీటర్స్‌బర్గు కాపురమునకు చెందినవి. బెర్లినునుండి వెంట వచ్చిన ఒక యువకుడు పూర్వము కుట్టుపని నేర్చినవాడు, గణిత మెఱుగనివాడు. వానిచే ఆయన బీజగణితమును చెప్పి వ్రాయించెను. చెప్పునది వ్రాయువానికి అర్థమైనగాని ముందుకు సాగలేదు గాబోలు, వ్రాయుట ముగియునప్పటికి వానికి బీజగణితము వచ్చినది. ఆ గ్రంథము మొదట రష్యను భాషలోనే 1768, 1769లలో అచ్చయ్యెను. తరువాత కుమారుడు యోహాన్ ఆల్బ్రెక్ట్, లెక్సెల్, చిన్న క్రాఫ్ట్, బాసెల్‌నుండి 1773లో పిలిపించుకొన్న నికొలస్ ఫుస్ అనువారు ఆయన చెప్పగా వ్రాయుచుండిరి. వర్జిల్ అను రోమను కవి రచించిన ఈనియడ్ మహాకావ్యము ఆయనకు ఆద్యంతము కంఠస్థము. తాను చదివిన ప్రతిలో ఏ పుటకు ఏ పాదము మొదటిదో, ఏది కడపటిదో చెప్పగలవాడు. మన శతావధానుల ధారణ నెఱిగిన తెలుగువారికి ఇది అసంభవముగా తోచదు. గణితమున ఆయన చేసినదియు అవధానమే: పుటలకొలది నడచు లెక్కను మనస్సులోనే నిలిపి, తప్పు పోకుండ చివరకు తెచ్చుట.

1783 సెప్టెంబరు 18వ తేదీన ఉదయము మనుమనికి లెక్కలు చెప్పెను. ఆ వేసవిలో ఫ్రాన్సున క్రొత్తగా ఎగిరిన వాయుగుమ్మటములు ఎంత యెత్తునకు పోవునో గణించెను. రెండేండ్ల క్రిందట కనుగొనబడిన యురేనస్ గ్రహపు మార్గమును గూర్చి లెక్సెల్‌తో భోజనవేళ ముచ్చటించెను. సాయంకాలము మనుమనితో ఆడుకొనుచు తేనీరు త్రాగుచుండగా చేతిలోని పొగగొట్టము జారిపడెను. ఆ రాత్రియే ఆయన గతించెను. అప్పటికి ఆయన వయస్సు 76.

ద్వీపములోని స్మొలెన్‌స్క్ శ్మశానమున ఆయనను భార్య చెంత సమాధి చేసిరి. కాలక్రమమున ఆ గుఱుతు మన్నులో కప్పబడగా, పరిషత్తువారు 1837లో పెద్ద రాతిని నిలిపిరి. నెవాపై మొదటి స్థిరమైన వంతెన 1850లో వెలసెను. ఊరి పేరు పెట్రోగ్రాడనియు, లెనిన్‌గ్రాడనియు మాఱి, 1991లో మరల పూర్వనామమే వచ్చెను. ఆ నడుమ 1956లో ఆయన అస్థులను, ఆ రాతిని తీసికొని, నదిని దాటించి, అలెగ్జాండర్ నెవ్‌స్కీ మఠపు ఆవరణలో ఉంచిరి.